సంతలో కూడా పళ్ళు చూస్తారు

మొన్న సోమవారం పొద్దున, చౌడేపల్లె దగ్గర మా మేనత్త పోయింది. ఆమె వదిలి వెళ్ళిన ఆస్తి వివరాలు సభాముఖంగా విన్నవించుకుంటున్నాను: రెండు పాడి ఆవులు, డౌన్ సిండ్రోమ్ ఉన్న ముప్పయ్యేళ్ళ కొడుకు, అంటే మా బావ, అతని నోట్లో ఇరవై నాలుగు గట్టి పళ్ళు.

సాయంత్రం పాలు పితికాక అత్త బావను బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టేది. ముందు తనే నోరు తెరిచేది. బావ తొంగి చూసి తలూపేవాడు. ఆ తర్వాతే అతను నోరు తెరిచేది. ఎద్దును కొనేవాళ్ళు చూసినట్టే పెదవి పైకెత్తి చూసి, చిగుళ్ళ వెంట మెల్లగా బ్రష్ తిప్పేది. ఇలాంటివాళ్ళకు చిగుళ్ళు త్వరగా పాడవుతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రక్తం చూసి తనే కనిపెట్టింది. డిగ్రీ చదివిన నేను మాత్రం ముక్కు మూసుకుని దూరంగా నిలబడేవాణ్ణి. తలచుకుంటే నా మీద నాకే రోత.

ఒకసారి బావకు చిగురు వాచింది. అత్తా నేనూ మదనపల్లెకు తీసుకెళ్తే, అక్కడ ఒక పళ్ళ డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. "ఇట్లాంటోళ్ళకు పండ్లు యాలమ్మా? అన్నీ పీకేస్తే నీకూ సుఖం."

చిన్నప్పుడు బావ గుండెకు ఆపరేషన్ అయింది. పన్ను మీద చెయ్యి వేసే ముందు తెలుసుకోవాల్సిన ఆ సంగతి కూడా అడగలేదు, మహానుభావుడు.

అత్త ఆసుపత్రి వాకిట్లో చెప్పులేసుకుంటూ, లోపలికి వినపడేలా అంది: "రా అప్పా, పోదాం. సంతలో దళారి కూడా నోరు తెరిసి సూసినాకే మాట్లాడతాడు."

పుంగనూరు మీదుగా బస్సులు మారి కుప్పం వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ మొదట గుండె సంగతే అడిగింది. ఆ రోజు బావను కుర్చీ ఎక్కించి దించింది, అంతే. రెండోసారి అద్దం చేతికిచ్చింది. మూడోసారి చిగుళ్ళు శుభ్రం చేసింది. ఒక్క పన్నూ పీకలేదు.

అత్త దినాలకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన వక్కాకు ఎర్రగా గోడమీద ఊసి, "ఇంక వాని నోరు ఎవురు కడుగుతారప్పా? పండ్లు పీకించేయండి, పీడ పోతాది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. గార పట్టిన ఆ నోళ్ళన్నీ కలిసి బావ పళ్ళకు శిక్ష వేస్తున్నాయి.

"నేను కడుగుతా," అన్నాను.

"నువ్వా? నీ మొగమే మీయమ్మ కడగాల గదప్పా!"

సాయంత్రం బావ తనే బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. బ్రష్ పట్టుకుని వంగితే పెదవులు బిగించాడు. బతిమాలాను, కోతిలా ఆడాను. లాభం లేదు. అప్పుడు గుర్తొచ్చి, నేను నోరు తెరిచాను.

బావ నా గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పాడు. ఒక్కో పన్నూ చూశాడు. తలూపలేదు. నా బ్రష్ తెమ్మన్నాడు. లేచి నన్ను బకెట్ మీద కూర్చోబెట్టి, చిగుళ్ళ వెంట మెల్లగా తోమాడు. మళ్ళీ చూసి, తలూపాడు.

అప్పుడు తెరిచాడు నోరు. ఇరవై నాలుగూ ఉన్నాయి.