ఎడమ చక్రం, కుడి కాలు

హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ అనే పేటలో నేను బండ్లు బాగుచేసే మిస్త్రీగా పనిచేసిన గ్యారేజీకి పైకప్పు సగమే ఉండేది. డెబ్బైల చివరి సంవత్సరాలు. నాకింకా ముప్పై నిండలేదు. బ్రేకుల పనిలో నన్ను మించినవాడు లేడని పొగరు.

ఇటుకల కాంట్రాక్టరు ఒకాయనకు పాత పికప్ బండి ఉండేది. దాన్ని నడిపేవాడు మా శ్రీకాకుళం వైపు మనిషే, అదే ఊళ్లో భుయ్యాడీహ్ బస్తీలో కాపురం. చుట్టరికం లేకపోయినా నేనతన్ని మావా అనేవాణ్ణి, అతను నన్ను అల్లుడా అనేవాడు. యాభై దాటినవాడు. చిన్నతనంలో ఎడ్లబండి చక్రం కాలి మీద ఎక్కి కుడి పాదం లోపలికి వంకర తిరిగిపోయింది. నడిస్తే ఈడ్చేవాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే ఆ లోటు కనపడేది కాదు.

ఎండాకాలం మొదట్లో బండి తెచ్చాడు. ముందు ఎడమ చక్రం బ్రేకు లైనర్లు అరిగిపోయాయి. కుడి చక్రానివి కొత్తవాటిలా ఉన్నాయి.

"అల్లుడా, బ్రేకు కొడితే బండి ఎడం పక్కకి లాగేత్తంది. కొంచెం దూరం పోతే ఆ చక్రం కాలిపోతంది, సెయ్యి పెట్టలేకపోతన్నాను. లైనర్లొకటే కాదు, లోన ఇంకేటో ఉంది. సూడు."

"మిస్త్రీవి నువ్వా, నేనా?" అన్నాను.

లైనర్లు మార్చి పంపేశాను. లోపల చూడలేదు. ఆ పూట బండ్లు చాలా ఉన్న మాట నిజమే. అంతకన్నా, ఒక డ్రైవరు చెప్తే చూడటం నాకు నామోషీ.

రెండు నెలలు తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. ఈసారి వెనకాలే స్కూటరు మీద కాంట్రాక్టరు కూడా వచ్చాడు. చక్రం ఊడదీసి డ్రమ్ము విప్పాను. ఎడమవైపు లైనర్లు రివెట్ల దాకా అరిగిపోయి, ఆ రివెట్లు డ్రమ్మును గీతలు గీతలుగా కోసేశాయి. కుడివైపు లైనర్ల మీద అరుగుదలే లేదు.

"ఇంత తొందరగా ఎలా పోయాయి? వేసింది నువ్వే కదా?" అని కాంట్రాక్టరు హిందీలో అందరి ముందూ నన్ను నిలదీశాడు.

తప్పు నాది. ఇంకొక్క ప్రశ్న వేస్తే బయటపడిపోయేది. నా కళ్లు అటూ ఇటూ వెతికి మావ పాదం దగ్గర ఆగాయి.

"లైనర్ల తప్పు కాదు సాబ్. ఆ కాలు చూడండి. పెడల్ మీద పెడితే మళ్లీ ఎత్తలేడు. బండి నడిచినంతసేపూ బ్రేకు తొక్కే ఉంటాడు" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. పెడల్ మీద కాలు ఆనించి నడిపితే రెండు పక్కలా అరుగుతాయి, ఒక్క పక్కే అరగవు. మావకూ తెలుసు. కాంట్రాక్టరుకు తెలియదు. ఆయనకు కనపడుతున్నది వంకర పాదం.

"చల్ కే దిఖా" అన్నాడు, నడిచి చూపించమని.

మావ నా వైపు చూశాడు. తర్వాత గ్యారేజీ గుమ్మం నుంచి కుళాయి దాకా నడిచాడు. ఇంకోసారి అన్నాడు కాంట్రాక్టరు. ఇంకోసారి నడిచాడు. వెల్డింగు చేసేవాడు పని ఆపి చూస్తున్నాడు. టైర్లవాడు తనూ కాలు ఈడుస్తూ మావ వెనకాలే నడిచాడు. అందరూ నవ్వారు. నాకూ నిజంగానే నవ్వొచ్చింది.

"బాబూ, పదమూడేళ్లు నడిపినాను. ఒక్క మడిసిని గుద్దలేదు" అన్నాడు మావ. ఆ కంగారులో హిందీ నోటికి రాక తెలుగులోనే అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని కాంట్రాక్టరు నన్నడిగాడు.

"ఒప్పుకుంటున్నాడు సాబ్" అన్నాను.

కాంట్రాక్టరు తాళాలు అక్కడికక్కడే లాగేసుకున్నాడు. డ్రైవరుగా వద్దు, కావాలంటే రేపట్నుంచి ఇటుకలు మోసే కూలీల్లో చేరమన్నాడు.

వాళ్లు వెళ్లాక ముందు చక్రాలు రెండూ జాకీల మీద ఎత్తి, పెడల్ తొక్కి వదిలాను. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. ఎడమది బిగుసుకుపోయింది. చక్రం దగ్గరున్న నిపుల్ వదులు చేస్తే బ్రేకాయిలు చిమ్మి చక్రం వదిలింది. తొక్కినప్పుడు వచ్చిన ఆయిలు వెనక్కి పోవడం లేదన్నమాట. నిపుల్ బిగించి, వెల్డింగువాడితో మళ్లీ పెడల్ తొక్కించి, ఈసారి చక్రానికి ఆయిలు తెచ్చే రబ్బరు హోసుకు పైనున్న ఇనప గొట్టం వదులు చేశాను. చక్రం కదల్లేదు. అడ్డం హోసులోనే ఉంది. దాన్ని తీసి బ్లేడుతో నిలువునా కోస్తే, లోపలి రబ్బరు ఉబ్బిపోయి దారం పట్టేంత సందే మిగిలింది.

అప్పుడే మావ తిరిగొచ్చాడు. సీటు కింద టిఫిన్ డబ్బా మర్చిపోయాడట. కోసిన హోసు నా చేతిలో ఉంది.

"ఏటి దొరికింది అల్లుడా?"

"ఏటీ లేదు. ముందు నీ కాలు బాగుసేయించుకో."

డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. నేను కొత్త హోసు, కొత్త లైనర్లు వేశాను. గీతలు పడ్డ డ్రమ్మును లేతు మీద సాపు చేయించాను.

మూడోనాడు అతని భార్య వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "నీ మాటయితే కాంట్రాక్టరు ఇంటాడు బాబూ. ఒక్కసారి సెప్పు. ఆ కాలితో ఇటికలు మొయ్యలేకపోతన్నాడు" అంది.

"బండి సంగతి నీకేటి తెలుసు? ఎల్లు" అన్నాను.

బండి తిన్నగా నడిచింది. కాంట్రాక్టరు కొత్త డ్రైవర్ని మెచ్చుకుని, తన మిగతా బండ్లు కూడా నాకే పంపాడు.

ఏడాది తర్వాత, నది పక్కన ఇల్లు కడుతున్నచోట ఆయన ఇంకో ఇటుకల బండి ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లాను. మావ నెత్తి మీద ఇటుకలతో చెక్క పలక మీదుగా పైకెక్కుతున్నాడు. వంకర పాదం పలక మీద ఆనడం లేదు. మడమ పక్కతో తడుముకుంటూ ఎక్కుతున్నాడు. చూడలేకపోయాను. కాంట్రాక్టరు దగ్గరకెళ్లి హోసు సంగతి, నా అబద్ధం సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన నవ్వాడు. "అయితే ఏమిటి? నాకిప్పుడు డ్రైవరున్నాడు. మోసేవాళ్లే చాలడం లేదు" అని నాకు కూడా టీ చెప్పాడు.

టీ తాగి, బండి పని ముగించి మావ దగ్గరకెళ్లాను. కాంట్రాక్టరుకు నిజం చెప్పేశానన్నాను.

"నాకా పొద్దే తెలుసు. గొట్టం నీ సేతిలోనే ఉంది గదా" అన్నాడు. నెత్తి మీది గుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. "సెప్పేసి నువ్వు తేలికపడిపోనావు. ఇటికలెవలు దించుతారు?"

బండిలో ఇంకా సగం ఇటుకలున్నాయి. నేను సైకిలెక్కి గ్యారేజీకి వచ్చేశాను.