సైదమ్మ తిరిగి పోతానన్న ఇల్లు

1966. సూర్యాపేట సర్కారు దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా చేరి మూడేళ్లయింది. ఆడవాళ్లకూ పిల్లలకూ కలిపి ఒకటే వార్డు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున, పట్టణంలోని ఒక పెద్దింటి జీతగాడు తొమ్మిదేళ్ల పిల్లను చేతుల మీద మోసుకొచ్చాడు. "కాగే గంజి మీద పోసుకున్నదమ్మా" అని చెప్పి, పేరు రాయించి వెళ్లిపోయాడు.

పిల్ల పేరు సైదమ్మ. నడిగూడెం దగ్గరి కూలి కుటుంబం. తండ్రి ఆ పెద్దింటివాళ్ల పొలంలోనే పని చేస్తాడు. రెండేళ్ల కిందట ఈమెను వాళ్ల ఇంటిపనికి పెట్టారు.

కాలిన గాయం వస్తే మేం ముందు చూసేది అది ఎటువైపు ఉందని. పిల్లలు తమ మీద తాము ఒలకబోసుకుంటే ఛాతీ, పొట్ట, తొడలు కాలతాయి. సైదమ్మకు వీపు కాలింది. పిక్కల మీద గరిటె కాడంత వెడల్పున వాతలున్నాయి. కొన్ని మానినవి, కొన్ని ఇంకా పచ్చివి. ఇలాంటిదాన్ని మెడికో-లీగల్ కేసు అంటాం. గాయం వెనుక ఎవరి చెయ్యో ఉందని అనుమానం వస్తే పోలీసులకు రాసి పంపాలి. డాక్టరుగారు కలం తీసి నా వైపు చూశారు.

"అది ఎవరిల్లో తెలుసా సిస్టర్?"

"తెలుసు సార్."

ఆయన కాగితం రాసి పోలీసులకు పంపారు. పోలీసు జమేదారు వచ్చి అడిగితే సైదమ్మ ఒక్కటే మాట చెప్పింది. "నేనే పోసుకున్న." ఆయన అదే రాసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయా ఈరమ్మ ఊరుకోలేదు. ఆ పెద్దింటి వీధిలో ఇంటింటికీ చెప్పింది. మూడో రోజు సుభద్రమ్మగారు వార్డుకొచ్చారు. ధాన్యం వ్యాపారుల ఇంటి ఆవిడ, ఆ పెద్దింటికి గోడ పక్కనే ఉంటారు. మంచం దగ్గర నిలబడి చాలాసేపు పిల్లను చూశారు.

"ఏడాది సంది దీని ఏడుపు ఇంటున్న సిస్టర్. పెద్దోళ్ల ముచ్చట మనకెందుకని తలుపేసుకున్న" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ తలుపు వేసుకోలేదు. ఆడపిల్లల బడి పంతులమ్మనూ వీధి ఆడవాళ్లనూ కూడగట్టి, పిల్లను ఆ ఇంటికి పంపొద్దని తహసీల్దారుకు అర్జీ రాయించారు. ఎవరో ఒకరు వంతులవారీగా మంచం పక్కన కూర్చునేవారు. పదో రోజున జీతగాడు పిల్లను తీసుకుపోవడానికి వస్తే వార్డు గుమ్మంలో ఈరమ్మ అడ్డం నిలబడింది. "పోయి మీ దొరసానిని రమ్మను, నేను మాట్లాడుత" అంది. వాడు వెనక్కి తిరిగాడు. ఆ రోజు మాకందరికీ ఏదో గెలిచినట్టే అనిపించింది.

సైదమ్మకు మాత్రం ఆ సంతోషం లేదు. కట్టు మార్చిన ప్రతిసారీ అడిగేది.

"మానిందా అమ్మా? ఇగ నేను పోత."

"ఎక్కడికి?"

"ఆ ఇంటికే."

"నిన్ను కాల్చిన ఇంటికా?"

"పోవాలె."

భయం కొద్దీ అంటోందనుకున్నాను. "ఇంక నిన్ను అక్కడికి పంపం బిడ్డా, నిశ్చింతగా ఉండు" అని తల నిమిరేదాన్ని. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. నేను ధైర్యం చెప్పాననుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లేదాన్ని.

ఐదో వారంలో ఒక ఉదయం సుభద్రమ్మగారు ఆయాసపడుతూ వచ్చారు. "సిస్టర్, గోడవతల మల్ల ఏడుపు ఇనొస్తున్నది. చిన్నపిల్ల గొంతు."

సైదమ్మ లేచి కూర్చుంది. "లచ్చి" అంది. "మా చెల్లె. నేను లేకుంటే దాన్ని తెస్తమన్నరు."

"ముందే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"చెప్తే దాన్ని ఇంక కొడ్తరనుకున్న. నేను పోతనని రోజూ అన్న గద."

డాక్టరుగారి చీటీ తీసుకుని, జమేదారును వెంటబెట్టుకుని, వీధి ఆడవాళ్లందరం ఆ పూటే వెళ్లాం. ఆరేళ్ల లచ్చి పెరట్లో ఎడమచేత్తో గిన్నెలు తోముతోంది. కుడిచేతికి మసిగుడ్డ చుట్టి ఉంది. విప్పితే, మూడు వేళ్లు అరచేతికి అతుక్కుపోయి ఉన్నాయి. దీన్ని కాంట్రాక్చర్ అంటాం. కాలినచోట చర్మం మానుతూ ముడుచుకుపోయి వేళ్లను లోపలికి లాగేస్తుంది. కాలిన రోజే తెచ్చి ఉంటే వేళ్లు విడదీసి, బద్ద కట్టి నిలపగలిగేవాళ్లం. సైదమ్మ వచ్చిన వారానికే అది కాలిందట. అంటే మేం గుమ్మంలో జీతగాడిని ఆపి మురిసిపోయిన నాటికే.

హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే ఒక వేలు తెరుచుకుంది. పోలీసులు కేసు పెట్టారు గానీ, పిల్లలే కాల్చుకున్నారని తండ్రి కోర్టులో మాట మార్చాడు. "మా బతుకంత ఆళ్ల పొలంలనే ఉన్నది తల్లీ" అని వరండాలో నా ముందు ఏడ్చాడు. కేసు నిలబడలేదు. పిల్లలిద్దరినీ సుభద్రమ్మగారు తన ఇంట్లో ఉంచుకుని బడికి పంపారు. ఆ వీధి ఆడవాళ్లు మాత్రం ఏ ఇంట్లో కొత్తగా పనిపిల్ల కనిపించినా వెళ్లి పేరు, ఊరు అడగడం మానలేదు. దానికోసం కొందరు చుట్టరికాలు కూడా పోగొట్టుకున్నారు.

సైదమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. అనవలసింది నేనే నాకు చెప్పుకున్నాను. ఆ పిల్ల తనకు తెలిసిన ఒకే దారిలో చెల్లెలిని కాపాడుకోవాలని చూసింది. నేను ఆ దారి మూసి, దయ చూపించాననుకున్నాను. తర్వాత మిర్యాలగూడలో, కోదాడలో పనిచేసినన్నాళ్లూ గాయాలతో పిల్లలెవరొచ్చినా, కట్టు కట్టాక పక్కన కూర్చుని అడిగేదాన్ని: "నువ్వు ఈడుంటే, ఆడ నీ పని ఎవరు చేస్తున్నరు బిడ్డా?" కొందరు వెంటనే చెప్పేవారు. కొందరు రెండు మూడు రోజులకు గానీ చెప్పేవారు కాదు. చెప్పేదాకా అడగడం ఆపకూడదని నాకు తెలిసేసరికి లచ్చికి రెండు వేళ్లు పోయాయి.