నందిగామలో రత్నకాంతమ్మ గారి సముద్రం

మా పాఠశాల ప్రకృతిశాస్త్ర ఉపాధ్యాయిని శ్రీమతి రత్నకాంతమ్మ గారు హృద్రోగంతో హఠాత్తుగా కన్నుమూశారు. జగ్గయ్యపేటలో బంధువుల ఇంట ఉండగా నాకీ దుర్వార్త తెలిసింది. రెండు రోజుల కిందట స్టాఫు రూములో నవ్వుతూ మాట్లాడిన మనిషి. బస్సు నందిగామ చేరేవరకు ఆ మాట అబద్ధమైతే బాగుండునని మనసు కొట్టుకుంటూనే ఉంది.

ఆమె జన్మస్థలం బందరు సమీపంలోని తీరగ్రామం. ఉద్యోగరీత్యా మా మెట్టప్రాంతానికి వచ్చారు. ఇక్కడి విద్యార్థులలో సముద్రాన్ని చూసినవారు అరుదు. పటంలో నీలిరంగు చూపించి పాఠం ముగించడం ఆమెకు తృప్తినివ్వలేదు. ఒక వేసవి సెలవుల అనంతరం ప్రయోగశాలలో అద్దాల తొట్టి వెలసింది. అందులో ఖాళీ గుల్లల్లో కాపురముండే చిన్న పీతలు, నత్తలు, పువ్వులా విచ్చుకునే సముద్రపుష్పమనే మెత్తని ప్రాణి.

తెచ్చిన సముద్రజలం తరిగిపోగా ఆమె బావినీటిలో బజారు ఉప్పు కలిపి పోశారు. ప్రాణులన్నీ చనిపోయాయి. దుర్గంధం వరండా దాకా వ్యాపించింది.

"అమ్మా, ఇది బడా, చేపల మార్కెట్టా? ఆ తొట్టి తీయించెయ్యండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి సార్. ఉప్పు వేసా గాని సముద్రం చెయ్యలేకపోయా" అన్నారామె.

సముద్రజలంలో ఉప్పుతోపాటు మెగ్నీషియం, కాల్షియం, అణుమాత్రంగా అయోడిను వంటి ధాతువులెన్నో ఉంటాయి. ఉప్పు మడులలో ఉప్పు తీసుకున్నాక, వాటిలో చాలా భాగం అడుగున మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది. బస్సు కండక్టరైన ఆమె భర్త దేవసహాయం గారు ఆ నీటిని సీసాలతో మోసుకొచ్చేవారు. ఆమె వాననీటిలో ఉప్పు, ఆ చేదునీరు తగుపాళ్లలో కలిపి, కొంత అసలు సముద్రజలం జోడించి, సైకిలు ట్యూబులో నింపిన గాలిని సన్నని గొట్టంతో నీటిలోకి వదిలారు. ఈసారి తెచ్చిన సముద్రపుష్పం విచ్చుకుంది. హెడ్మాస్టరు గారే తరగతుల వారీగా పిల్లలను పంపించారు.

కొంతకాలానికి నత్తల గుల్లలు పలచబడసాగాయి. సున్నం చాలడం లేదని గ్రహించి, జగ్గయ్యపేట సున్నాన్ని నీట కలిపి, పైకి తేరిన తేటను తొట్టిలో పోశారు. తొందరలో ఒక్కసారే పోయడంతో నీరంతా తెల్లబడింది.

"క్షీరసాగరం మీ పద్యాల్లోనే కాదు మాస్టారూ, నేనూ చేసా" అన్నారు తెలుగు పండితుణ్ణైన నాతో. నవ్వుతూనే అన్నారు గాని కళ్లు తడిసి ఉన్నాయి. నీరు మార్చి సగం ప్రాణులనే దక్కించుకోగలిగారు. అప్పటినుంచి ప్రతి ఉదయం కొన్ని చుక్కల తేట మాత్రమే వేసేవారు. "తక్కువైతే మళ్లీ వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం" అనేవారు. నేను కోపిష్ఠిని. సంధులు రాని విద్యార్థిపై కేకలు వేస్తుంటే ఆమె గుమ్మంలోంచి, "కాస్త ఆగి వేద్దాం మాస్టారూ" అనేవారు. తరగతితోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత ఆమెకు బందరు బదిలీ అయింది. పుట్టిల్లూ సముద్రమూ రెండూ అక్కడే. మేమందరం అభినందించాం. ఆమె ప్రయత్నించి దాన్ని రద్దు చేయించుకున్నారు.

"ఎందుకండీ?" అని అడిగాను.

"అక్కడి పిల్లలకి సముద్రం నేను చూపించక్కర్లేదు మాస్టారూ."

అంత్యక్రియల మరునాడు దేవసహాయం గారూ నేనూ తొట్టి ముందు నిలబడ్డాం. ఎండకు నీరు తగ్గి ఉంది. "సీసాలు మోసుకొచ్చా గాని ఏదెంత వెయ్యాలో ఏనాడూ అడగలేదండి" అన్నారాయన. నాకూ తెలియదు. తక్కిన ఉపాధ్యాయులకూ ధైర్యం చాలలేదు. చివరకు ఆ ప్రాణులను మేమిద్దరం బందరు తీసుకువెళ్లి నీటిలో విడిచాం. అల వచ్చి వాటిని తీసుకుపోయింది. దేవసహాయం గారు ప్యాంటు తడుస్తున్నా కదలలేదు.

ఎన్నో ఏళ్లుగా పద్యాలలోని సముద్రవర్ణనలు బోధిస్తున్న నేను సముద్రాన్ని కళ్లారా చూడటం అదే ప్రథమం. నురుగు అంత తెల్లగా ఎందుకుంటుందో అడగాలనిపించి పక్కకు తిరిగాను. చెప్పగలిగిన విదుషీమణి ఇక లేరు. తడి ఇసుకలోనే నిలబడి ఆమెకు చేతులు జోడించాను.