గాజులకెళ్లి దూరే మిషిన్

మా ఆమె సిరిసిల్లల కుట్టుపనికి కుదిరిన కాన్నుంచి నా పని సగం ఆగింది. నేను కోరుట్లల వంటింటి అల్మారాలు బిగిస్త. దుబాయిల నేర్సుకచ్చిన పని. ఇప్పుడు మా దిక్కు కొత్త ఇల్లు కట్టినోళ్లందరికీ పొయ్యి గద్దె కింద, సింకు కింద పలకల పెట్టెలు, వాటికి తలుపులు ఉండాలె. పెద్ద పెట్టెలతోటి నాకు రంది లేదు. మూల మీద ఉంటది సూడుండ్రి ఒక పెట్టె, గదే నా ప్రాణం తీస్తది. నా డ్రిల్ మిషిన్ మూతి పొడుగు, గా సందుల తిరగది. నా చెయ్యి సూత్తే పార లెక్క ఉంటది. గందుకే లోపటి స్క్రూలు బిగించే పని ఎన్నడూ ఆమెదే.

ఆమె నాకు మేనమామ బిడ్డ. పెండ్లయిన కాన్నుంచి బీడీలు చేసింది. బీడీ మూతి మలిచిన వేళ్లు గదా, ఎంత సందుల పెట్టినా స్క్రూను జారిపోనియ్యకపోయేది. బీడీల పని తగ్గినంక నా బండెనుక ఎక్కింది. పొట్టి స్క్రూడ్రైవర్ పట్టుకొని సింకు కింద దూరిందంటే ఆమె పాదాలు, మట్టెలు తప్ప బయటికి ఏం కనబడకపోయేది. ముచ్చట మాత్రం ఆగకపోయేది. ఆ ఇంటామె కట్టిన చీర, మా అక్క నోరు, పొద్దుగాల కూరల ఉప్పెక్కువైందని నేనన్న మాట, అన్ని గా పెట్టెల్నే తీస్తుండె. నడుమ నడుమ "బావా, ఉన్నవా పోయినవా?" అని అడుగుతుండె. "నిన్ను ఇడిసి యాడికి పోతనే?" అని నేను పలక మీద కొడుతుంటి. ఇంటోళ్లు మమ్ముల జూసి నవ్వుతుండ్రి.

ఎండకాలం పోయినంక సిరిసిల్ల నుంచి వాళ్ల వదిన ఫోన్ చేసింది. బట్టలు కుట్టే కంపెనీల ఆడోళ్లను తీసుకుంటున్నరట. "పోయి సూసొస్త" అన్నది మా ఆమె. సూసొచ్చుడు గాదు, కుదిరే అచ్చింది. వారమంత తల్లిగారింట్ల ఉంటది, శనివారం మాపటికి ఇంటికస్తది, సోమవారం పొద్దుగాల బస్సుకు పోతది. నేను వద్దనలే. నాలుగు దినాలైతే ఆమెకే యాష్టకొచ్చి, ఇసుగు పుట్టి తిరిగస్తది అనుకున్న. నెలలు పోయినయి గని ఆమెకు యాష్టకు రాలే.

పోయేముందు నాకు ఒక మాట చెప్పింది. "సందులల్ల తిరిగే చిన్న బ్యాటరీ మిషిన్లు అస్తున్నయట బావా. ఒకటి సూసి కొనుక్కో, నా కోసం పని ఆపకు" అన్నది. సరే అన్న. కని నిజం చెప్తున్న, కొనాలని నా మనసుల లేకుండె. గా మిషిన్ ఇంట్లకచ్చిందంటే ఆమె మళ్ల నా బండెక్కే తొవ్వ బందైనట్టే గదా.

అయినా తిరుగుడు తిరిగిన. తిరగకపోతె ఆదివారం నాడు ఏం చెప్పాలె? మా దిక్కు ఆడోళ్లు గాజులు కొనవోతె సైజు కోసమని పాత గాజు ఒకటి పట్టుకపోతరు. నేను గదే జేసిన. ఆమె చెయ్యి పోయే సందుల మిషిన్ పోవాలె, ఆమె చెయ్యి గాజులకెళ్లి పోతది, కాబట్టి గాజులకెళ్లి దూరిన మిషినే మనకు పనికస్తది. లెక్క మంచిగనే ఉండె. బీరువల డబ్బా తీసి పెండ్లినాటి గిల్టు గాజు ఒకటి అంగి జేబుల ఏసుకున్న.

కోరుట్లల ఇనుప సామాన్ల దుకాణపాయన నాకు తెలిసినోడే. తుపాకి లెక్క పిడి ఉన్న మిషిన్ ఒకటి ముందట పెట్టిండు. గాజు తీసి తొడిగితె పిడి కాడ్నే ఆగింది. ఆయన నా మొఖం దిక్కు, గాజు దిక్కు సూసిండు. ఇంకోటి తీసిండు, పెన్ను లెక్క సన్నగ, నిటారుగ ఉన్నది. గది గాజుల దూరింది గని పలకల స్క్రూ దింపమంటె సగంల మూలిగి ఆగింది. "దీనితోటి రేడియో విప్పుకోవచ్చు, అల్మారా బిగియ్యరాదు" అని లేశిన. లోపట మాత్రం మస్తు సంబురమైంది.

జగిత్యాలల టవర్ కాడి దుకాణంల అసలు మిషిన్ కనబడ్డది. మూతి పక్కకు తిరిగి ఉంటది, పొట్టిది, మూల పెట్టె కోసమే చేసినట్టున్నది. స్క్రూ సర్రున దింపింది. ఇగ కొనక తప్పదనుకున్న. గాజు తీసిన. నడుమ కాడ ఆగింది. దుకాణపు పెద్దమనిషి నెత్తి గోక్కున్నడు. "మేస్త్రీ, నువ్వు మిషిన్ కొనవచ్చినవా, మిషిన్ కు పెండ్లి చెయ్యవచ్చినవా?" అన్నడు. చుట్టున్నోళ్లంత నవ్విండ్రు. నేను గూడ నవ్వి గాజు జేబుల ఏసుకొని బస్సెక్కిన.

ఆ వారం ఆమెకు గదే చెప్పిన. యాడ తిరిగినా మంచిది దొరుకుతలేదు, ఒకదానికి జోరు లేదు, ఒకటి లావున్నది అని. ఆడరాక మద్దెల ఓడన్నట్టు ఒక్కొక్కదానికి ఒక్కో వంక పెట్టిన. ఆమె బట్టలు పిండుతున్నది. నా అంగి జేబుల చెయ్యి పెట్టి గాజు తీసింది. ఇదేంది అన్నది. సైజు కోసమన్న. సబ్బు చేతికే తొడుక్కోవోయింది. బొటనవేలు కాడ ఆగింది, ఎంత వత్తినా దిగలే.

"బావా, గిది నాకే పడ్తలేదు గదా" అన్నది. నవ్వుతదనుకున్న. నవ్వలే. గాజును కడిగి, కొంగుతోటి తుడిసి మళ్ల డబ్బాల పెట్టింది.

పై వారం అచ్చినప్పుడు ఆమె సంచిల ఒక డబ్బా ఉండె. విప్పితె మిషిన్. జగిత్యాలల సూసినట్టిదే, మూతి పక్కకు తిరిగేది, ముందట చిన్న లైటు. తన జీతంల కొన్నది. ఇప్పుడు చేతికేసుకునే గాజొకటి తీసి నా ముందట్నే మిషిన్ కు తొడిగింది. మూతి కాన్నుంచి అడుగు దాంక సాఫ్ గ దిగింది.

"దీనికి జోరుంటదా?" అన్న. అలవాటైన నోరు గదా.

"మా కంపెనీల మిషిన్లు సదిరే ఆయనతోటి పలకల స్క్రూ దింపిచ్చి సూసిన" అన్నది. "నువ్వు తిరిగింది మిషిన్ కొనేటందుకు గాదని నాకెర్కే బావా" అన్నది.

"నువ్వు లేకుంటె పని మీదికి బుద్ధి పోతలేదే. దీనితోటి నేనేం ముచ్చట పెట్టాలె?" అన్న.

"నాకు యాదికి రాదా? గాడ మిషిన్ల సప్పుడుల నీ ముచ్చటే యాదికస్తది. కని బీడీలు చేస్తూ వంగితి, పెట్టెలల్ల వంగితి. గాడనైతె కుర్చీల కూసుంట. మీద పంకా తిరుగుతది. మాపటికి నడుము నాదే అనిపిస్తది." మిషిన్ను డబ్బాల పెట్టుకుంట అన్నది. "నన్ను ఉండుమనకు బావా. ఉండుమంటె ఉంట. గందుకే అనకు."

సోమవారం పొద్దుగాల బస్టాండ్ కాడ దింపిన. కిటికి పక్క కూసున్నది. ఉండు అనే మాట నోటి దాంక అచ్చింది. "పైలంగ పోయి రా" అన్న. బస్సు పోయింది.

కథలాపూర్ల ఒకరింట్ల మూల పెట్టె ఎప్పటినుంచో ఆపి పెట్టిన. ఇంటామె ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండె. ఆ రోజే పోయిన. మిషిన్ పట్టుకొని మొదటిసారి నేనే లోపట దూరిన. నెత్తికి పలక కొట్టుకున్నది. మెడ ఒక దిక్కు, నడుము ఒక దిక్కు అయింది. జిగురు వాసనకు ముక్కు మండింది. గిండ్ల పండుకొని ఆమె అన్ని ముచ్చట్లు ఎట్ల పెట్టిందో నాకు అర్థం గాలే. మిషిన్ లైటు పడ్డది. మీట వత్తితె స్క్రూ సర్రున దిగింది, ఆమె బిగించినంత గట్టిగ. ఒకటెనుక ఒకటి అన్ని దిగినయి. వంక పెట్టేటందుకు ఏం లేకుండె.

నాకు ఎర్క లేకుండనే నోట్లకెళ్లి మాట అచ్చింది. "ఉన్నవా, పోయినవా?"

పొయ్యి కాడికెళ్లి ఇంటామె పలికింది. "ఈడనే ఉన్న అన్నా, చాయ పెడుతున్న."

బిగించేటందుకు ఇంకో స్క్రూ లేకుండె. అయినా లైటు బందు చేసుకొని జరసేపు గా పెట్టెల్నే ఉన్న.