పందిరి వెనక విన్న అవ్వ

మా ఊరికి ప్రతి శనివారం పాటల కబురు తెచ్చే అవ్వ పోయింది. మూడు రోజుల చలిజ్వరం, అంతే. గురువారం పొద్దున పాలు పితికే వేళకు జీతగాడు దొడ్డి వాకిట నిలబడి ఈ మాట చెప్పినాడు. మా అత్తగారు చేతిలో చెంబు దించకుండానే అడిగింది.

"అట్లనా! మరి శెనక్కాయలు ఎవరు వలుస్తారు? విత్తనానికి ఇంకా నాలుగు బస్తాలు ఉండాయే."

నేను పొయ్యి కాడ ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. పాచిపోయిన కూడు తెలియక నోట్లో పెట్టుకున్నట్లు రోత పుట్టింది. ఆ రోత ఇంకా పోలేదు. అది ఉండగానే నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. నేను చదివింది నాలుగో తరగతి వరకే. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

నేను ఇది రాసి పంపుతున్న ఈ పత్రికను మా ఆయన తెప్పిస్తాడు. వచ్చే శని ఆదివారాల్లో చెన్నపట్నంలో ఎవరి కచేరీ ఉంది, ఏ నాటకం చూడదగింది అని ఇందులో వేస్తారు. అది చదివినప్పుడల్లా నాకు అవ్వ గుర్తుకొచ్చి నవ్వుకునేదాన్ని. మార్కాపురానికి బండి మీద ఒక పూట దారి మా ఊరు. మెట్ట చేలు, వాన పడితే తింటాము. మాకు సభలు లేవు. ఏది వినాలో ఏది వద్దో చెప్పడానికి అవ్వ ఉండేది.

ఆమె ఊరి బయట, కిరస్తానీల మిషను పల్లెలో ఉండేది. మా చేలల్లో కలుపు తీసేది, మా వాకిట్లో కాయలు వలిచేది. ఆదివారం పల్లెవాళ్లు గుడికి పోతారు, పనికి రారు. వాళ్లు రాకపోతే మాకూ పని నడవదు. అందుకని మా ఊళ్లో హిందువులకు కూడా ఆదివారం సెలవే. శనివారం పొద్దు వాలేసరికి ఊరంతా "రేపేంది?" అనేది. గిద్దలూరు పక్క నుంచి, రాచర్ల పక్క నుంచి కలుపుకు వచ్చే ఆడవాళ్ల నోట అవ్వకు అన్నీ ముందే తెలిసిపోయేవి. పని దిగి, గంప చంకన పెట్టుకొని, మా గోడ బయట నిలబడి చెప్పేది.

"రాచర్లలో తోలుబొమ్మలు. బొమ్మలు కొత్తవి, గొంతులు పాతవి. పిల్లల్ని తోలండి, మీరు పోవాకండి."

"తర్లుపాడులో చెక్కభజన. పదిమంది వేసినా ఒకటే అడుగు. నడిచైనా పోండి."

"నాటకమోళ్లు రైలు దిగినారు. రాజు వేషమాయన పాడుతా పాడుతా తన ఉంగరం చూసుకుంటాడు. ఇంక మీ ఇష్టం."

లోకంలోని ఆటపాటలన్నీ ఆమె లెక్కకు మూడే రకాలు. వినేవి, చూసేవి, పడుకునేవి. "రేపటిది ఏ రకం?" అని అరుగు మీది మగవాళ్లు ఎగతాళిగా అడిగేవారు. "పడుకునేది సామీ, దుప్పటి మరిచిపోవాకండి" అనేది. నవ్వేవారు. నవ్వి, ఆమె పొమ్మన్న చోటికే బండ్లు కట్టేవారు. ఒక్కరు కూడా ఆమెను వరుస పెట్టి పిలవలేదు. "ఏమే" అనేవారు, అంతే.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను అవ్వా అని పిలిచినాను. మా అత్తగారు విని, "కూలిదాన్ని అవ్వ అంటావా? మీ నాయన ఇంట్లో ఇట్లనే నేర్పినారా?" అంది. అప్పటినుంచి గొంతు తగ్గించి పిలిచేదాన్ని. నాది మామూలుగానే చిన్న గొంతు. నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పోస్తాయి. అవ్వ మాత్రం ఎంత దూరంలో ఉన్నా తిరిగి చూసేది. "మీరు పిలిచేది నాకు తప్ప ఇంకెవరికీ వినపడదు చిన్నమ్మా" అనేది.

ఆటపాటల పందిరి ముందర పల్లెవాళ్లు కూర్చోకూడదనేది మా పక్క ఆచారం. వెనక, ఎద్దులు కట్టేసే చోట నిలబడి వినాలి. అవ్వకు ఊహ తెలిసినప్పటినుంచి విన్నదంతా ఆ చోటినుంచే. ఒకసారి అడిగినాను.

"ముఖం కనపడకుండా పాట మంచిదో కాదో ఎట్ల తెలుస్తుంది అవ్వా?"

"ముఖం కనపడితేనే తెలియదు చిన్నమ్మా. ముందర కూచున్నోళ్లకు శాలువా కనపడుతుంది. వెనక నాకు మడమ వినపడుతుంది. గొంతు బొంకుతుందేమో గానీ అడుగు బొంకదు."

ఎంత గొప్ప మాట అనుకున్నాను ఆ రోజు. మా ఆయనకు కూడా చెప్పి మురిసిపోయినాను. ఇప్పుడు తలచుకుంటే అదే నాకు రోత. ఒక మనిషిని పేడలో నిలబెట్టినాము. నిలబడి నిలబడి ఆమె ఒక విద్య నేర్చుకుంటే, ఆహా అన్నాము. కూర్చోమనలేదు.

వాళ్ల పాస్టరు కూడా ఆమెను వదల్లేదంట. హిందువుల కథలకు పోయి చెవి పెడుతున్నావేమని గుడిలో నిలబెట్టి అడిగినాడంట. "కథ వాళ్లది అయ్యా. గొంతు ఇచ్చింది మన దేవుడే కదా, ఎట్ల ఇచ్చినాడో చూసొస్తా" అందంట. ఆ సంగతి చెప్పి తనే కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

పోయినేడు మా కొత్త బావిలో నీళ్లు పడినాయి. ఈ సీమలో బావిలో నీళ్లు పడటమంటే ఇంట్లో పెండ్లి జరిగినట్లే. మా మామగారు హరికథ పెట్టిస్తానన్నాడు. పట్టు శాలువాలు, వెంట హార్మోనియం ఉన్న పెద్ద దాసును పిలిపించాలని అత్తగారి పట్టు. నేను గోడ కాడ అవ్వను అడిగినాను.

"ఆయన వద్దు చిన్నమ్మా. హార్మోనియం ఆగితే ఆయనా ఆగిపోతాడు. గిద్దలూరు పక్క ఒక బక్కాయన ఉండాడు, ఎప్పుడూ దగ్గుతా ఉంటాడు. చూస్తే జాలేస్తుంది. గజ్జె కడితే మాత్రం చూడండి."

నేను మా ఆయన చెవిలో వేసినాను. ఆయన తన తండ్రికి చెప్పినాడు. బక్కాయన వచ్చినాడు. సాయంకాలం ఎండ ఉండగానే మొదలుపెట్టినాడు. దగ్గు ఎటు పోయిందో తెలియదు. మూడు ఊళ్ల జనం కళ్లు తుడుచుకుంటా కూర్చున్నారు. అయినాక మార్కాపురం నుంచి వచ్చిన చుట్టమొకాయన, "ఇంత విద్వాంసుణ్ణి ఏడ పట్టినావు మామా?" అని అడిగినాడు. మా మామగారు తన చెవి తమ్మె పట్టుకొని లాగి చూపించినాడు.

"ఈ చెవికి తెలియని పాట ఉందా అల్లుడా?"

నేను తలుపు వెనక ఉన్నాను. అవ్వ పందిరి వెనక ఉంది. ఇద్దరమూ విన్నాము. చెప్పాల్సినదాన్ని నేను. నా నోరు లేవలేదు.

అందరికీ పానకం ఇచ్చినారు. పల్లెవాళ్లకు పోసే పని నాకు చెప్పినారు. అవ్వ వంగి దోసిలి పట్టింది. నేను చెంబు తగలకుండా పైనుంచి పోసినాను. ఆచారం అదే, చేతికి అలవాటైపోయిన పని. ఆమె కాళ్లు పాదాల దాకా పేడలో ఉన్నాయి. పానకం మోచేతుల మీదుగా కారి ఆ పేడలో పడింది. ఆమె నోరు తుడుచుకొని, "ముందరోళ్లు చూసినారు చిన్నమ్మా, నేను విన్నా" అని నవ్వింది. ఆ చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని తోమాలంటే నా చేతులు ముడుచుకుపోతాయి.

ఆమెకొక కట్టుబాటు ఉండేది. అయినవాళ్ల పాటను మెచ్చుకోకూడదు. "మన కుండలో కూడు మనకు తీపే, ఊరికి చెప్పకూడదు" అనేది. వాళ్ల గుడి పాటల ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. కోడలి ఊసు మాత్రం రోజూ ఉండేది. కోడలు నోటి దురుసుది, ఉప్పు ఎక్కువేస్తుంది, మాటకు మాట అంటుంది. వలిచే ప్రతి కాయకూ కోడలి మీద ఒక మాట.

అట్లాంటి మనిషి పోయే ముందు శనివారం గోడ కాడికి వచ్చి, గంప కింద పెట్టి, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"రేపు యాడికీ పోవాకండి చిన్నమ్మా. మా గుడి కాడికి రండి. మా కోడలు పాడుతుంది."

నేను తెల్లబోయినాను. "నీ కోడలా?"

"దాని నోరు చెడ్డది. గొంతు మాత్రం..." అని ఆగింది. "నలభై ఏండ్లు ఊరోళ్లవి విని వచ్చి చెప్పినా. ఈ ఒక్కటి మీరు విని నాకు చెప్పండి. మాది కాబట్టి నాకు తీపో, నిజంగానే మంచిదో నాకు తెలియడం లేదు. లోపలికి రావద్దులే, మీ అత్త ఊరుకోదు. గోడ వెనక నిలబడండి, చాలు."

వస్తానన్నాను. ఆదివారం పొద్దున చీర కూడా మార్చుకున్నాను. వాకిట్లో అత్తగారు చింతపండు కొడుతూ కూర్చుంది. ఆమె ముందు నుంచి పోవాలి, ఏడికని అడుగుతుంది, చెప్పాలి. స్తంభం పట్టుకొని చాలాసేపు నిలబడి, లోపలికి పోయి బియ్యం ఏరుకున్నాను.

సోమవారం అవ్వ కాయలు వలవడానికి వచ్చింది. అత్తగారు లోపలికి పోయేదాకా ఆగి అడిగింది.

"వచ్చినారా చిన్నమ్మా?"

"వచ్చినా అవ్వా. బాగుంది."

"ఏది బాగుంది? రెండోదా?"

"అవునవ్వా, రెండోది."

ఆమె చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది. తర్వాత పటుక్కుమని విరిచి, "మంచిది చిన్నమ్మా" అంది. ఆ రోజంతా మళ్లీ పాటల ఊసు తేలేదు, కోడలి ఊసు కూడా తేలేదు. ఒళ్లు నలతగా ఉందేమో అనుకున్నాను. నిజంగానే సాయంకాలానికి జ్వరం తగిలిందంట.

పూడ్చడానికి మా ఇంటినుంచి ఎవరూ పోలేదు. శనివారం సాయంకాలం గోడ కాడ ఎవరూ నిలబడలేదు. అరుగు మీద మా మామగారు పొగాకు నలుపుకుంటా పక్కింటాయనతో అన్నాడు.

"పాపం, దానికి చెవి మంచిది. మన పందిళ్ల కాడ తిరిగి తిరిగి నేర్చుకునింది. అంతా మన చలవే."

"అవును మరి. ఇంక రేపు ఏడికి పోవాలో చెప్పేది కూడా లేకపాయె" అన్నాడు పక్కింటాయన, అదేదో తనకు జరిగిన నష్టమన్నట్లు.

మా ఆయన అక్కడే ఉండి తల వంచుకొని చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు. ఆయన మంచివాడు. నాలాంటి మంచివాడే. ఇంటి నిండా ఇంత మంచితనం పెట్టుకొని ఒక ముసలామెను కూర్చోమని అనలేకపోయినాము.

మరుసటి రోజు ఆదివారం. అత్తగారు వాకిట్లోనే ఉంది. ఈసారి నేనే ముందు చెప్పినాను.

"పల్లె గుడి కాడికి పోయొస్తా."

"ఎందుకు?"

"పాట వినేదానికి. అవ్వ చెప్పింది."

"చచ్చినదాని మాటకా? నీకేమన్నా గాలి సోకిందా?" నా ముఖం చూసి ఏమనుకుందో, అడ్డం రాలేదు. "పో. వచ్చేటప్పుడు దొడ్డిదారిన రా. నెత్తిన నీళ్లు పోసుకున్నాకే కుండలు ముట్టుకో."

పల్లె గుడి అంటే మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. వెనక మేకలు కట్టేసి ఉన్నాయి. వాటి మధ్య నిలబడినాను. ఎండ, మేకల వాసన, కాళ్ల కింద చిత్తడి. లోపల ప్రార్థన నడుస్తోంది. మాటలు తెలియడం లేదు. నీళ్లు తాగడానికేమో ఒకామె బయటికి వచ్చి నన్ను చూసింది.

"ఎవరూ? చిన్నమ్మా! మీరు మేకల కాడ నిలబడినారేందీ?"

ఆమే కోడలు. అవ్వ పోయినాక నేను చెప్పాల్సిన మాట ఈమెకే చెప్పాలనిపించింది.

"అవ్వ నీ పాట వినమంది."

"ఆమెనా? నా పాటనా? ఎప్పుడు?"

"పోయిన వారం. గొంతు మంచిదని చెప్పింది."

ఆమె గోడకు చేయి ఆనించి నిలబడింది. "పన్నెండేండ్లు ఒక పొయ్యి మీద వండుకున్నాము తల్లీ. నీ గొంతు చిల్లు కుండ అనేది. నా ముందర ఒక్కనాడన్నా..." పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పమిట దించి అడిగింది. "అయితే పోయిన ఆదివారం మీరు వచ్చినారా?"

"రాలేదు. వచ్చినానని ఆమెతో బొంకినాను. రెండో పాట బాగుందన్నాను."

కోడలు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"ఆ రోజు నేను ఒకటే పాడినా చిన్నమ్మా. రెండోది ఎత్తుకోకముందే దగ్గొచ్చి కూచున్నా. ఆమె నా పక్కనే ఉండె."

నేను అవునన్న ఆ క్షణానే అవ్వకు తెలిసిపోయింది. తెలిసి, మంచిది చిన్నమ్మా అంది. అంతమంది గొంతుల్లో దొంగ గొంతు పట్టగలిగిన మనిషి నా బొంకు విని, నన్ను ఒక్క మాట అనకుండా కాయలు వలుచుకొని పోయింది.

"ఎండలో ఎందుకు, రండి" అని కోడలు లోపలికి దారి తీసింది. నేను గడప కాడే కూర్చున్నాను. అంతకంటే లోపలికి పోవడానికి నాకు ముఖం లేదు. ఎవరో గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చినారు. పైనుంచి పోయలేదు. తాగినాను.

కోడలు ముందుకు పోయి నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను. మట్టి నేల మీద ముందు ఆమె మడమ వినపడింది, తర్వాత గొంతు లేచింది. మంచి గొంతు. అవ్వకు తీపి అనిపించడం కాదు, నిజంగానే మంచిది. ఆ మాట చెప్పాల్సిన మనిషి కోసం కళ్లు తెరిచినాను. అన్నిటికంటే ముందర, పలక డప్పు కొట్టేవాళ్ల పక్కన, మడిచిన గోనెపట్టా ఒకటి పరిచి ఉంది. అది అవ్వ చోటంట. దాని మీద ఎవరూ లేరు. పలక కొట్టే ఆయన మాత్రం ఆ పక్కన ఎవరో కూర్చున్నట్లే, మోచేయి తగలకుండా ఒళ్లు పక్కకు ఒంచి కొడుతున్నాడు.