ఐసుల పెట్టిన మూలుగ

నా భార్య తుంటి ఎముకల సూది దింపి మూలుగ తీసిన రోజు, ఆమె నా చెయ్యి పట్టి నలిపిన నలుపుడు ఇంకా మరువలే. రక్తంల చెడ్డ రోగం ఉన్నదేమోనని డాక్టరుకు అనుమానం. ఆ మూలుగను షామీర్‌పేట దిక్కున్న ల్యాబ్‌కు పంపితే, అక్కడ కణాలను కడిగి, రంగులు పట్టించి, ఒక్కొక్కదాన్ని లేజర్ ముందర నడిపించి రోగమేందో చెప్తరట. మేడ్చల్‌ల దవాఖాన పక్కనే ఉన్న కలెక్షన్ సెంటర్ మేనేజరు చేతిల సీసా పెట్టి ఇంటికొచ్చినం.

మర్నాడు ల్యాబ్ నుంచి ఫోన్. "శాంపిల్ పాడైంది, మళ్లీ తీయాలి." పాలు విరిగినయన్నంత సులువుగ చెప్పిన్రు.

సీదా సెంటర్ మీదికి పోయిన.

"ఏం జేసినవయ్యా?"

"నేనేం జేస్త పెద్దాయనా? ఎండలు మండుతున్నయ్. ఖరాబు కావద్దని ఐసుగడ్డల నడుమ పెట్టి పంపిన. తెలిసినోళ్లని జర ఎక్కువే ఏసిన."

"చేపలనుకున్నవా, ఐసుల పాతిపెట్టనీకి?"

"అన్నీ గట్లనే పోతయ్. గీ ఒక్కటే ఎందుకు పాడైందో ల్యాబోళ్లనే అడుగు."

అడగనీకే పోయిన. బడి చదువు నాకు లేదు, కానీ ఆ పరీక్ష గురించి తెలుగుల దొరికిందంతా చదివే పోయిన. శాంపిళ్లు తయారుజేసే మేడం కోస్తా మనిషి. అద్దాల తలుపు అవతలికి నన్ను రానియ్యలే, తనే బయటికొచ్చింది.

"ఉన్నదానితోనే పరీక్ష చెయ్యమ్మా. ముసలిదాన్ని మళ్లీ పొడుస్తరా?" అన్న.

"చేయొచ్చండీ. మిషను ఆగదు, అంకెలూ ఇస్తుంది. కానీ ఇవి గడ్డకట్టి పగిలిన కణాలు, ఏ రంగు పోసినా పీల్చేస్తాయి. లేని రోగం కనిపించొచ్చు, ఉన్నది దాక్కోవచ్చు. ఆ రిపోర్టు చూసి ఆవిడకి మందులు మొదలెడతారు. ఇమ్మంటారా?"

ఇయ్యమని నోరు రాలే. అందుకే ఆమె మీద ఇప్పటికీ కోపం.

"మరి ఐసు తగలొద్దని ఆ సెంటరోనికి ఎవరు చెప్పాలె?"

"డబ్బా మీద రాసే ఉంటుందండీ."

"ఏ భాషల?"

"ఇంగ్లీషులోనండీ" అని కిందికి చూసింది. తప్పు మాత్రం ఎవరిదీ గాదు. సెంటరోడు ల్యాబ్ దిక్కు చూపిస్తడు, ల్యాబోళ్లు డబ్బా దిక్కు చూపిస్తరు. పొడిపించుకునేది నా ఇంటి మనిషి.

ఇంటికొచ్చి చెప్తే నా భార్య చిక్కుడుకాయల పీచు తీస్తనే విన్నది.

"కొట్లాడుడు అయిందా ఇగ? రెండో పక్క తుంటి ఉన్నది గద, తీయమను. ఈసారి ఆ ఐసోనికి ఇయ్యకు."

రెండోసారి తీసినంక సీసాను మెత్తటి బట్టల చుట్టి నేనే పట్టుకున్న. పక్క సెంటర్ మేనేజరు దవాఖాన గడపకు అడ్డమొచ్చిండు. "పేషెంటోళ్లు తీస్కపోవద్దు పెద్దాయనా, రూలు లేదు."

"నీ రూలును కూడ ఐసుల పెట్టుకో" అని ఆటో ఎక్కిన. షామీర్‌పేట దాకా ఎండ తగలకుండ ఒళ్లో పెట్టుకొని కూసున్న. మేడం లోపలికి తీస్కపోయి, చాలాసేపటికి వచ్చింది. "కణాలు బతికే ఉన్నాయండీ" అన్నది. మొక్కుతనేమోనని చూసినట్టుంది. నేను మొక్కలే.

పొద్దుగూకంగ ఇల్లు చేరిన. నా భార్య మంచం మీద కూసోనే ఉన్నది.

"పండుకోరాదే?" అన్న.

"ఏ పక్కకు ఒరగాల్నో నువ్వే చెప్పు" అన్నది.