గుండీల డబ్బా

మా ఆవిడ పోయి నెల దాటింది. చిక్కడపల్లిలో మమ్మల్ని ఎరిగినవాళ్లకు ఇది తెలిసిందే. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. నారాయణగూడలోని ఒక కాలేజీలో ఆమె చాలా ఏళ్లు జీవరసాయన శాస్త్రం చెప్పింది. నేను ఆఫీసులో ఫైళ్లు చూసినవాణ్ణి. ఆ శాస్త్రంలో నాకు తెలిసిందంతా ఆమె గుండీల డబ్బాలోంచి వచ్చిందే.

నా చొక్కా చిరిగితే ఆమె ముందు కత్తెర తెచ్చేది. గుండీలన్నీ కోసి పాత బిస్కెట్ల డబ్బాలో వేసేది. ఆ తర్వాతే చొక్కా పాతబట్టల మూటలోకి పోయేది. అదే డబ్బాను క్లాసుకూ తీసుకుపోయేది. డీఎన్‌ఏ న్యూక్లియోటైడ్లతో తయారవుతుందని, ఒక్కోదానిలో ఒక క్షారం, ఒక చక్కెర, ఫాస్ఫేటు ఉంటాయని బోర్డు మీద రాసి, డబ్బా గలగలలాడించేది.

"క్షారం గుండీ. చక్కెర, ఫాస్ఫేటు కలిసి చొక్కా. అన్నీ కొత్తగా చేసుకోవాలంటే కణం ఎన్నో మెట్లు ఎక్కాలె, మస్తు శక్తి ఖర్చయితది. పాత గుండీ కోసి కొత్త చొక్కాకు కుట్టుకుంటే ఒక్క మెట్టే. కణం మనకన్న హుషారు."

ఒకసారి కాలేజీ పరీక్షలో ఓ అమ్మాయి "కణంలో కత్తెర ఉండును, అది గుండీలు కోయును" అని రాసింది. ఆ పేపరు నాకు చూపించి మా ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎన్ని మార్కులేశావని అడిగాను.

"పూర్తిగ ఏసిన. తప్పు ఆ పిల్లది కాదు, నాది."

ఒంట్లో కొన్ని రకాల గుండీలు వాడకుండా మిగిలితే యూరిక్ యాసిడ్‌గా మారి బయటికి పోవాలి. నాకు సరిగ్గా పోవు, కాలి బొటనవేలిలో పేరుకుంటాయి. వేలు వాచి నేను మూలుగుతుంటే మాత్ర చేతిలో పెట్టి అనేది: "రేపు క్లాసుకు మీ కాలు జర ఇస్తరా?"

వంట రాని నన్ను ఎర్ర రక్తకణం అనేది. "గది సొంతంగ గుండీలు చేసుకోలేదు. ఏరుకున్నదాంతోనే బతుకుతది. అచ్చం మీ లెక్క."

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే పాలమూరు ఆమె మా వీధికి వచ్చేది. మా ఆవిడకూ ఆమెకూ ప్రతిసారీ పోట్లాటే.

"గుండీల్లేని అంగీలకు గిన్నె ఎట్లిస్తనమ్మా? మూత ఇస్త, తీస్కో."

"గుండీలు వండుకుంటవా ఏంది? గిన్నె తియ్యి."

మా ఇంట్లో గిన్నెలకన్నా మూతలే ఎక్కువ. ఎవరు గెలిచేవారో వేరే చెప్పక్కర్లేదు.

ఆసుపత్రికి బయల్దేరేముందు మా ఆవిడ నా దగ్గర ఒక మాట తీసుకుంది. "నా బట్టలు బీరువాల దాసుకోని కూసోకండి. ఇచ్చెయ్యండి. ల్యాబ్ కోటు గూడ. గుండీలు మాత్రం తీస్కోండి."

సరేనన్నాను. చీరలు అశోక్ నగర్‌లో ఉండే వాళ్ల చెల్లెలికి ఇచ్చాను. కోటును మాత్రం మూడుసార్లు మూటలో పెట్టి మూడుసార్లూ బయటికి తీశాను. ఆ ఒక్క మాట నిలుపుకోలేనేమో అనుకున్నాను.

పోయిన ఆదివారం గిన్నెల ఆమె వచ్చింది.

"అమ్మ లేదా సార్?"

చెప్పాను. గంప దించి మెట్టు మీద కూలబడింది. లోపలికి వెళ్లి కోటు తెచ్చి, ఆమె చేతిలో పెట్టి గబుక్కున వెనక్కి తిరిగాను.

"ఆగుండ్రి సార్. గుండీలు కోసుకోలే?"

మర్చేపోయాను. కత్తెర అడిగి తనే ఐదూ కోసి నా అరచేతిలో పోసింది. గంపలోంచి గిన్నె తీసింది. దాని మీద మూత కూడా పెట్టింది.

"రెండూ తీస్కోండ్రి. ఇయాల అమ్మే గెలిచింది."

ఇది రాస్తున్నప్పుడు నా ఒంటిమీదున్న చొక్కాకు రెండో గుండీ మిగతావాటికన్నా పెద్దది. నేనే కుట్టాను, నీలం దారంతో. తెల్ల దారం ఎక్కడ పెట్టేదో ఎప్పుడూ అడగలేదు. కాజా చిన్నది కావడంతో గుండీ ఒక పట్టాన దూరదు. రోజూ పొద్దున్నే బొటనవేలితో కాస్త నెట్టాలి. నెడితే పడుతుంది.